నావ వెనుక కీలు : దాని అరుగుదలను కనిపెట్టుటయు, మార్చుటయు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాస పాఠము)



విద్యావ్యాప్తి, వసతిగృహములు, వివాహవ్యయ నియమనము మున్నగు గొప్ప విషయములను గూర్చి పెద్దలు చేసిన ప్రసంగములను మీరు వింటిరి. వానితో పోల్చినచో నాకు నియమింపబడిన విషయము మిక్కిలి స్వల్పము. అది అరచేతిలో నిముడునట్టి ఒక ఉక్కు క్రాసును గూర్చినది. అయినను ఆ చిన్న వస్తువుపై ఒక్కొక్కప్పుడు ఒక కుటుంబము యొక్క ప్రాణములన్నియు ఆధారపడియుండును గావున, దానిని గూర్చి కొంచెము విపులముగా మనవి చేయుటకు మీ యనుజ్ఞను వేడుచున్నాను.

మనలో పలువురి పూర్వులు నీటిని నమ్ముకొని బ్రతికినవారు. నేడు మన బిడ్డలలో కొందరు అమెరికా మొదలగు దేశములలో స్థిరపడి, అచ్చటి సరస్సుల చెంత నివసించుచు, ఒకరు వాడి విక్రయించిన విహారనావలను కొనుచున్నారు. మరికొందరు నావల మరమ్మతు శాలలలో పనిచేయుచు గౌరవముగా జీవించుచున్నారు. కొన్నవారికిని, బాగుచేయువారికిని గూడ ఉపయోగించునట్లు ఈ విషయమును చెప్పుటకు యత్నించెదను.

మన తీరమున చేపలు పట్టు మరపడవలలో సాధారణముగా ఇంజను నావలోపల నుండును. దాని నుండి తిన్నని షాఫ్టు అడుగు గుండ వెలుపలికి పోయి పంకాను త్రిప్పును. మరియొక విధమున ఇంజనంతయు అమరమున, అనగా నావ వెనుక అంచున, వెలుపలనే వ్రేలాడుచుండును. ఈ రెండింటికిని నడుమ మూడవ విధమొకటి కలదు. అందు ఇంజను లోపల వెనుక పలకకు ఆనుకొని యుండును. గేర్ల పెట్టెయు పంకాయు వెలుపల నుండును. దీనినే స్టెర్న్ డ్రైవు అందురు. స్వీడను దేశపు వోల్వో పెంటా కంపెనీ వారు అమెరికా దేశస్థుడగు జిమ్ విన్ యొక్క యోచనను గైకొని, 1959లో ఆక్వామాటిక్ అను పేర దీనిని లోకమునకు చూపిరి. తరువాత 1961లో మెర్క్రూయిజర్ వచ్చినది. నాటి నుండి చిన్న విహారనావలలో ఈ పద్ధతి మిక్కిలి వ్యాపించినది.

ఈ పద్ధతియందు ఒక చిక్కు కలదు. లోపలి ఇంజను కదలదు. వెలుపలి డ్రైవు చుక్కానివలె కుడియెడమలకు తిరుగవలయును. లోతు తక్కువైనపుడు పైకి లేవవలయును. కదలని దాని నుండి కదలెడి దానికి బలము నందించుట యెట్లు? దీనికి సమాధానమే యూనివర్సల్ జాయింటు. మన లారీలలో ప్రొపెల్లర్ షాఫ్టునకును, ట్రాక్టరు వెనుక రోటవేటరును త్రిప్పు షాఫ్టునకును ఉండునది ఇదియే. మన మెకానిక్కులు దీనిని 'క్రాసు' అనియే వ్యవహరింతురు. రెండు కాళ్లుగల కాడి వంటి ముక్కలు రెండు ఎదురెదురుగా నుండగా, వాని నడుమ నాలుగు కొమ్ములుగల క్రాసు కూర్చుండును. ఒక్కొక్క కొమ్మునకు ఒక్కొక్క ఉక్కుటోపీ, టోపీలోపల సన్నని సూదుల వంటి రోలర్లు ఉండును. ఇటలీ దేశపు 16వ శతాబ్దపు పండితుడు కార్డానో పేరును, ఇంగ్లండు దేశపు 17వ శతాబ్దపు శాస్త్రజ్ఞుడు హుక్ పేరును ఈ కీలు నేటికిని ధరించుచున్నది.

ఈ కీలునకు ఒక స్వభావము కలదు; అది తెలియనిదే మరమ్మతు సరిగా జరుగదు. షాఫ్టులు తిన్నగానున్నపుడు రెండును సమవేగమున తిరుగును. వంగినపుడు మొదటిది సమముగా తిరిగినను, రెండవది ఒక్కొక్క చుట్టునకు రెండుమారులు వడి హెచ్చుచు, రెండుమారులు తగ్గుచు నుండును. 30 డిగ్రీల వంపున మొదటి షాఫ్టు నిమిషమునకు 1000 చుట్లు తిరుగుచుండగా, రెండవదాని వేగము 866 మొదలు 1155 వరకు ఊగులాడుచుండును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఈ ఊగులాట క్షణమునకు 100 మారులు జరుగును. ఈ దోషమును అణచుటకై రెండు కీళ్లను జతగా నిలిపి, మొదటిది చేసిన హెచ్చుతగ్గులను రెండవది సరిపుచ్చునట్లు కాళ్లను ఒకే వరుసలో నమర్తురు. ఆ వరుస తప్పినచో, క్రొత్త క్రాసులు వేసినను వణకు తగ్గకపోగా హెచ్చును.

ఇక ప్రమాదమెచ్చట నున్నదో చిత్తగింపుడు. ఈ కీళ్లు వెనుక పలకలోని రంధ్రము గుండ, నీటిమట్టమునకు దిగువగా పోవుచున్నవి. వానిని నీటి నుండి కాపాడునది కొలిమితిత్తివలె మడతలు మడతలుగా నున్న ఒక రబ్బరు తిత్తి మాత్రమే. లారీ క్రాసు విరిగినచో లారీ దారిలో నిలిచిపోవును. క్లీనరు దిగి రాయి పెట్టును. నావ క్రాసు విరిగినచో, విరిగిన ముక్క గిరగిర తిరుగుచు తిత్తిని చీల్చును. ఒక్కొక్కప్పుడు దాని చుట్టునున్న లోహపు కవచమును సైతము పగులగొట్టును. నీరు లోనికి ప్రవేశించును. ఇంజను ఆడినను పంకా తిరుగదు. నడుసరస్సున, పిల్లలతో గూడిన నావకు ఇంతకంటె కష్టమేమి కావలయును? కాబట్టి 'ఇంకను నడుచుచున్నది గదా, ఈ సీజను గడువనిమ్ము' అను మాట లారీ యజమాని అనిన నష్టము ధనమునకు. నావ యజమాని అనిన నష్టము ప్రాణమునకు.

అదృష్టవశమున ఈ కీలు హఠాత్తుగా చచ్చునది కాదు. ముందుగా మొరపెట్టుకొనును. ఆ మొరను గుర్తించు విధమును చెప్పెదను.

మొదటిది, మలుపులో వినవచ్చు టకటక ధ్వని. నావ తిన్నగా పోవునపుడు నిశ్శబ్దముగా నుండి, చుక్కాని చక్రమును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పినపుడు 'టక్కు టక్కు' మని కొట్టుకొనుచు, ఇంజను వేగముతోపాటు ఆ లయయు హెచ్చినచో, క్రాసులను ముందుగా అనుమానింపవలయును. రెండవది, ఎడతెగని గురగుర ధ్వని. తిన్నగా పోవునపుడు సైతము గరగరలాడుచు, మలుపున మరింత హెచ్చునది సాధారణముగా గింబల్ బేరింగు. కీళ్ల షాఫ్టు వెనుక పలకను దాటుచోట దానిని మోయునది ఇదియే. మూడవది, గేరు వేసినపుడు మాత్రమే పుట్టి, న్యూట్రలున మాయమగు వణకు. దీనికి పంకా రెక్క వంగుటయో, క్రింది గేర్ల దోషమో కారణమై యుండవచ్చును. నాల్గవది, ఇంజను వేగముగా ఆడుచున్నను నావ సాగకుండుట. ఇది పంకా నడిమి రబ్బరు జారుటవలన గాని, ఇంజను కప్లింగు చెడుటవలన గాని కలుగును. ఈ భేదములు తెలియక క్రాసులు మార్చుట రోగమొకటి, మందొకటి యగును.

ఇచ్చట ముఖ్యాంశమొకటి గలదు. ఇట్టి డ్రైవులలో ప్రసిద్ధములగు మెర్క్రూయిజర్ ఆల్ఫా, బ్రావో నమూనాలయందు, గేరు మార్చు ఏర్పాటు కీళ్లకు ఆవల నుండును. అందుచేత న్యూట్రలున నున్నను ఇంజను ఆడినంతసేపు కీళ్లు తిరుగుచునే యుండును. పంకా నిలిచియున్నది గదా యని కీళ్ల చెంత చేయి పెట్టరాదు.

ధ్వనిని పరీక్షించుటకు నావను ఒడ్డునకు చేర్చి, డ్రైవును క్రిందికి దింపి, నీటి ద్వారములకు గొట్టపు కప్పులు తగిలించి నీరు విడువవలయును. నీరు లేక ఇంజను నడిపినచో నీటి పంపులోని రబ్బరు రెక్కలు కొద్దికాలములోనే కాలిపోవును. పెట్రోలు ఇంజనైనచో ముందుగా 4 నిమిషములు బ్లోయరు త్రిప్పి, ఇంజను గదిలోని ఆవిరిని వెలుపలికి పంపవలయును. పిదప తక్కువ వేగమున ఇంజను నడుపుచు, చక్రమును ఒక కొస నుండి మరియొక కొసకు మెల్లగా త్రిప్పించి, వెనుకనుండి వినవలయును. డ్రైవును మిక్కిలి పైకెత్తి నడుపరాదు. మంచి కీళ్లు సైతము ఆ వంపున కొట్టుకొనును.

అనుమానము దృఢపడినచో డ్రైవును ఊడదీయవలసినదే. గేరును ఏ స్థానమున నుంచి తీయవలయునో నమూనాను బట్టి మారును గావున, నిర్మాతల పుస్తకమును చూడక చేయి వేయరాదు. ఎత్తు సిలిండర్లను విడదీసి, డ్రైవును గొలుసు పుల్లీతో గాని బండిపై గాని మోపి, మెర్క్రూయిజర్ ఆల్ఫాలోనైనచో చుట్టునున్న 6 నట్లను విప్పి, తిన్నగా వెనుకకు లాగవలయును. దాని బరువు ఒక్కడు చేతులతో మోయదగినది కాదు. సాహసించి నడుము చెరుపుకొనవద్దు.

డ్రైవు వెలుపలికి రాగానే క్రాసులు మన కన్నుల యెదుట నుండును. ఇప్పుడు చెవికంటె చేతికే పని. ఒక్కొక్క క్రాసును రెండు దిశలలోను మెల్లగా వంచి చూడవలయును. వెన్నలోవలె సమముగా కదలినచో మంచిది. మెట్లు మెట్లుగా ఆగుచు కదలినచో, సూదులు కొమ్ముపై గాడులు చేసినవని అర్థము. ఏ మాత్రము వదులు తగిలినను, ఒక ప్రక్క బిగిసిపోయినను, టోపీ అంచున కుంకుమవంటి త్రుప్పుపొడి రాలినను ఆ క్రాసు పనికిరాదు. రెండింటిలో ఒకటి చెడినచో రెండింటిని మార్చుటయే మేలు. అవి ఒకే నీటిలో, ఒకే గ్రీజుతో, అన్నియు గంటలు పనిచేసినవి; క్రాసు వెల కంటె డ్రైవును మరల ఊడదీయు శ్రమయే ఎక్కువ.

క్రాసును మార్చు విధము లారీపని యెరిగినవారికి క్రొత్త కాదు. ముందుగా కాళ్లపై గుర్తులు గీచి, వాని వరుసను నిలుపుకొనవలయును. పిదప లాకు వలయములను తీసి, బెంచి వైసునందో ప్రెస్సునందో ఒక ప్రక్క చిన్న సాకెట్టును, ఎదుటిప్రక్క పెద్ద సాకెట్టును ఉంచి, టోపీని మెల్లగా నొక్కి వెలుపలికి తీయవలయును. కాడి చెవులపై సుత్తితో బాదరాదు. చెవి వంగినచో క్రొత్త టోపీ తిన్నగా కూర్చుండదు. షాఫ్టుపై సీళ్లును ఓ-రింగులును కూర్చుండు నునుపు భాగమును వైసు దవడల మధ్య బిగింపరాదు. గేరు సర్దుబాటునకై యుంచిన పలుచని రేకులను తారుమారు చేయరాదు.

క్రొత్త టోపీని ఎక్కించునపుడు లోపలి సూదులన్నియు నిలువుగా నున్నవో లేదో చూచుకొనవలయును. ఒక్క సూది పడిపోయి అడుగున అడ్డముగా నిలిచినను టోపీ పూర్తిగా దిగదు. లాకు తన గాడిలో కూర్చుండదు. అట్టి స్థితిలో బలవంతముగా నొక్కువాడు క్రొత్త క్రాసును ఆదిలోనే చెరుపుచున్నాడు. నాలుగు లాకులును గాడిలో సంపూర్ణముగా కూర్చుండినవని తెలిసిన పిదప, కాడిని మెత్తని సుత్తితో లఘువుగా తట్టినచో బిగువు సడలి కీలు స్వేచ్ఛగా కదలును. గ్రీజు నిప్పిలుగల క్రాసైనచో నాలుగు టోపీల అంచులనుండియు క్రొత్త గ్రీజు వెలువడువరకు ఎక్కింపవలయును. శాశ్వతముగా మూసిన రకమైనచో గ్రీజు ఎక్కించు పనియే లేదు. దానిని తరచు కదలించి చూచుటయే సంరక్షణ.

మహాజనులారా! పలువురు ఇంతటితో పని ముగిసినదని తలతురు. నా ప్రసంగమునకు సారము ఇచ్చటనే యున్నది. క్రాసు తనంతట తాను చెడుట అరుదు. దానిని చెరిపినది మరియొకటి కలదు. ఆ మరియొకదానిని విడిచి క్రాసును మాత్రము మార్చినచో, క్రొత్తదియు పాతదాని దారినే పోవును.

మొదటి దోషి తిత్తి. దాని మడతలను వ్రేళ్లతో విప్పి, లోయలలోని చీలికలను వెలుతురున వెదుకవలయును; పైకి నున్నగా కానవచ్చు తిత్తి లోయలో పగిలియుండును. ఉప్పునీట పెంకుపురుగులు మడతలలో పెరిగి రబ్బరును కోయును. అమెరికా సరస్సులలో నీటియెలుక దానిని కొరుకుటయు కలదు. లోపల నీరు గాని, త్రుప్పునీటి చార గాని కానవచ్చినచో ఇక విచారణ అక్కరలేదు. తిత్తిని మార్చునపుడు అది కూర్చుండు అంచును శుభ్రపరచి, పుస్తకములో చెప్పిన జిగురును వాడి, క్లాంపులను సరియైన స్థానమున బిగింపవలయును. రబ్బరునకు ఆయువు కలదు గావున నిర్మాతలు చెప్పిన గడువు తీరగానే, బాగుగా కనబడినను మార్చుట వివేకము.

రెండవ దోషి గింబల్ బేరింగు. వ్రేలు లోనికి పెట్టి త్రిప్పినపుడు గరుకుగా తగిలినచో దానిని మార్చవలయును. మూడవ దోషి ఇంజను వంకర. ఇంజనును మోయు రబ్బరు దిమ్మెలు కాలక్రమమున క్రుంగును. అప్పుడు ఇంజను కప్లింగు రంధ్రమును గింబల్ బేరింగు రంధ్రమును ఒకే రేఖయందుండవు. దీనిని పరీక్షించుటకు ప్రత్యేకమగు పొడుగు కడ్డీ కలదు. అది రెండింటి గుండ శ్రమ లేక జారవలయును. దాని కొసకు గ్రీజు పూసి చొప్పించి తీసినపుడు కప్లింగు పళ్ల గుర్తులు చుట్టును సమముగా పడవలయును. లేనిచో దిమ్మెల మరలను సవరింపవలయును. ఈ పరీక్ష చేయక డ్రైవును తగిలించువాడు సగము పనియే చేసినవాడు.

తిరిగి కూర్చునపుడు షాఫ్టునకు క్రొత్త ఓ-రింగులు వేసి, పళ్లకు గ్రీజు పూసి, క్రొత్త గాస్కెట్టు నుంచవలయును. డ్రైవు తిన్నగా తానే జారి కూర్చుండవలయును గాని, నట్లను బిగించి దానిని లోనికి లాగరాదు. పళ్లు కలియనిచో గేరులో నుంచి పంకాను చేతితో మెల్లగా త్రిప్పిన అవి కుదురును. నట్లను పుస్తకమునందు చెప్పిన బిగువునకే బిగింపవలయును. పని కొరకు గేరు నూనెను తీసియున్నచో, క్రింది రంధ్రము గుండ నెక్కించి పై రంధ్రమున వెలువడువరకు నింపవలయును. తీసిన పాత నూనె పాలవలె తెల్లబడియున్నచో అందు నీరు కలిసినదని తెలిసికొని, సీళ్లను గూడ విచారింపవలయును.

నావను నీటిలోనికి దింపిన పిదప వెంటనే విహారమునకు పోరాదు. ఒడ్డుననే కట్టివేసి, కొంతసేపు లోపలి అడుగున వెనుక పలక చెంత చెమ్మ పుట్టునేమో చూడవలయును. పిమ్మట తీరము విడువక మెల్లగా రెండుప్రక్కలకును త్రిప్పి వినవలయును. ఎవరును లేని నావలో నీరు తోడు పంపు మాటిమాటికి తానే ఆడుచుండుట అశుభసూచన. దానిని వినియు విననట్లుండరాదు. నావను నిలువయుంచు నెలలలో డ్రైవును క్రిందికి దింపియే యుంచవలయును. పైకెత్తి యుంచినచో తిత్తి మడతలు ఆ వంపునకే అలవడి పగులును. ఏటికొకమారు గాని, 100 గంటల పని తరువాత గాని, ఏది ముందు వచ్చిన అప్పుడు, డ్రైవును దింపి కీళ్లను, తిత్తిని పరీక్షించుట నియమముగా పెట్టుకొనవలయును. ఉప్పునీట నడుచు నావకు ఇంతకంటెను తరచుగా చేయుట మేలు.

పనిచేయు యువకులకు రెండు మాటలు. చెడిన క్రాసును మూలకు విసరివేయక, యజమాని చేతికిచ్చి, ఆయన వ్రేళ్లతోనే కదలించి చూపుడు. గాడి ఆయన వ్రేలికి తగిలిన నాడు మీ కూలిని గూర్చి ఆయన బేరమాడడు. మీ మాటను నమ్మును. మరియు ఒక్కొక్క నావకు ఒక్కొక్క పుస్తకము పెట్టి, ఏ తేదిన ఏమి మార్చితిరో వ్రాయుడు. వ్రాతలేని మరమ్మతు మరల మొదటికే వచ్చును.

పోషకులకు ఒక విన్నపము. కడ్డీ, ప్రెస్సు, నిర్మాతల పుస్తకము ఒక్కొక్కరు కొనుట భారము. ఒక ఊర నున్న నలుగురు సభ్యులు కలిసి కొని, వంతులవారీగా వాడుకొనినచో భారము తేలికయగును. పని నేర్వవలసిన పిల్లవానికి అదియే పాఠశాలయు నగును. మన సంఘములు విద్యార్థులకు వేతనములిచ్చుట ఎంత పుణ్యకార్యమో, చేతిపనిని చక్కగా నేర్పుటయు అంతియే గౌరవకార్యమని నా దృఢవిశ్వాసము.

నావను కొనువారికి కడపటి మాట. ధర చెప్పక మునుపే డ్రైవును దింపించి, తిత్తి మడతలను విప్పి చూడుడు. క్రాసులను మీ చేతితో వంచి చూడుడు. విక్రయించువాడు అందుకు సమ్మతింపనిచో ఆ నావను విడిచిపెట్టుడు. నీరు ఎవరి హోదాను ఎంచదు, ఎవరి తొందరను మన్నింపదు. కీలు మొరపెట్టుకొనునపుడే విన్నవాడు సుఖముగా ఇల్లు చేరును.